బండి సందేహాలు: కడిగి వాడే ఎయిర్ ఫిల్టరు లాభమేనా?

ప్రశ్న: నాకు రెండు పది టైర్ల టిప్పర్లున్నాయి. భువనగిరి వైపు క్రషర్ల నుంచి కంకర, రోబో శాండ్ తెచ్చి ఉప్పల్, బోడుప్పల్ సైట్లకు వేస్తాం. రెండు నెలలు తిరక్కుండానే ఎయిర్ ఫిల్టరు మార్చమంటున్నాడు మెకానిక్. స్పేర్ పార్ట్స్ షాపతను మాత్రం కడిగి మళ్లీ మళ్లీ వాడే ఫిల్టరు ఉందనీ, ఒక్కసారి కొంటే బండి అమ్మేదాకా చూడక్కర్లేదనీ, మైలేజీ, పికప్ పెరుగుతాయనీ చెబుతున్నాడు. ధర నాలుగు కాగితం ఫిల్టర్లంత. తీసుకోమంటారా?
– టిప్పర్ల యజమాని, ఉప్పల్

జవాబు: వద్దు. మీ బండ్లకు అసలే వద్దు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

లీటరు డీజిలు మండాలంటే కనీసం పదివేల లీటర్ల గాలి కావాలి. డీజిల్ ఇంజిన్ ఎప్పుడూ అవసరానికి మించే పీలుస్తుంది కాబట్టి 16 వేల లీటర్లు, అంటే 16 ఘనపు మీటర్లు అనుకోండి. మీ టిప్పరు ఏడాదికి 10,000 లీటర్ల డీజిలు తాగితే 1,60,000 ఘనపు మీటర్ల గాలి లోపలికి వెళ్తుంది. గాలిలో సన్న ధూళికి మన దేశంలో 24 గంటల పరిమితి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. క్రషర్ గేటు దగ్గర, ముందు లారీ లేపిన దుమ్ములో ఆ పరిమితి ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. 2018లో పనులు మొదలై ఏళ్లకేళ్లు సాగిన ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ కారిడార్ కింద బండి తోలిన ఎవరినడిగినా చెబుతారు. పది రెట్లు, అంటే ఒక మిల్లీగ్రాము వేసుకుందాం. మీ తోవకు ఇది తక్కువ లెక్కే. ఆ లెక్కన ఏడాదిలో ఫిల్టరు మీదికి వచ్చే దుమ్ము 160 గ్రాములు.

మంచి కాగితం ఫిల్టరు అందులో 99.9 శాతం ఆపుతుంది. ఇంజిన్‌లోకి పోయేది 0.16 గ్రాము. షాపతను చెప్పే కడిగి వాడే రకం, అంటే నూనె పట్టించిన నూలు గుడ్డ ఫిల్టరు, 98 శాతం ఆపిందనుకోండి, పోయేది 3.2 గ్రాములు. డబ్బా మీద చదివితే తేడా రెండు శాతం కూడా ఉండదు. లైనరుకూ రింగులకూ మాత్రం అది ఇరవై రెట్లు. షాపతను మీకు చెప్పనిది ఇదే.

పైగా మీరు తోలేది రాతి దుమ్ము. గ్రానైటులో ఉండే క్వార్ట్జ్ మీ లైనరు ఇనుము కంటే గట్టిది. వెంట్రుక మందంలో పదో వంతు ఉన్న రేణువు కూడా రింగుకూ లైనరుకూ మధ్య ఆయిల్ పొరలో చేరితే చాలు, వాల్వులు కూర్చోబెట్టేటప్పుడు రాసే గ్రైండింగ్ పేస్టు పని చేసేస్తుంది. ముందు టర్బో రెక్కల అంచులు అరుగుతాయి. తర్వాత బ్రీదర్ నుంచి పొగ, ఆయిల్ తాగడం, చివరికి బోరు పని. ఫిల్టర్ల మీద మిగిల్చిందంతా ఆ ఒక్క బిల్లులో పోతుంది.

ఈ నూలు ఫిల్టర్లు పనికిమాలినవని నేననను. 1969లో కాలిఫోర్నియాలో మొదలైన కె అండ్ ఎన్ లాంటి కంపెనీలకు పేరు తెచ్చింది పందెం బండ్లు. అక్కడ గాలి ఎంత తేలిగ్గా లోపలికి వస్తే అంత లాభం, ఇంజిన్‌ను ఎలాగూ తరచూ విప్పుతారు. మీరు విప్పకుండా లక్షల కిలోమీటర్లు నడపాలి. ఇద్దరి అవసరాలూ వేరు.

ఇక మైలేజీ. కడిగే ఫిల్టరు అదనంగా వదిలే ఆ కాస్త గాలిని టర్బో ఎలాగూ లాక్కుంటుంది. డీజిల్ బండికి యాక్సిలరేటరు తొక్కితే పెరిగేది డీజిలు. 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల కంప్యూటర్ నియంత్రణ ఉన్న పెట్రోలు కార్లలో ఫిల్టర్లను కావాలనే మూసి పరీక్షించింది. పికప్ తగ్గింది గానీ మైలేజీ చెప్పుకోదగ్గంతగా మారలేదు. కొత్త ఫిల్టరు వేయగానే మైలేజీ పెరిగిందని చెప్పేవాళ్లలో చాలామంది, అదే రోజు టైర్లలో గాలి కూడా సరిచూసుకుని ఉంటారు!

మరి రెండు నెలల ఖర్చు ఎలా తగ్గించాలి? ఫిల్టరు డబ్బా ముందు ప్రీ-క్లీనర్ పెట్టించండి. గాలిని సుడి తిప్పి, ముతక దుమ్మును ఫిల్టరు దాకా రానివ్వకుండా బయటే విసిరేస్తుంది. డబ్బా అడుగున వేలాడే రబ్బరు మూతిని రోజూ పొద్దున నొక్కి దుమ్ము దులపమని క్లీనర్‌కు చెప్పండి. అది చిరిగితే వెంటనే మార్చండి. మరో మాట: నెలలు లెక్కపెట్టి ఫిల్టరు మార్చకండి. డబ్బా మీద ఉండే ఇండికేటరు ఎర్రగీతకు వచ్చినప్పుడే మార్చండి. చాలా టర్బో డీజిల్ ఇంజిన్లకు ఆ గీత 25 అంగుళాల నీటి ఒత్తిడి దగ్గర ఉంటుంది. మీ మెకానిక్ ఫిల్టరు రంగు చూసి మార్చమంటున్నాడేమో కనుక్కోండి. కాగితం మీద కాస్త దుమ్ము పేరుకుంటేనే అది ఇంకా సన్నటి రేణువుల్ని పట్టుకుంటుంది. కొంచెం మాసిన ఫిల్టరు కొత్తదానికంటే గట్టిగా వడకడుతుంది.

ప్రశ్న: నాచారం ఐడీఏలో మా కంపెనీ సరుకు బండ్లు చూస్తాను. ఒక బీఎస్-6 బండికి నూనె పూసే ఫిల్టరు వేయించాం. పది రోజులకే డ్యాష్‌బోర్డులో ఇంజిన్ లైటు వెలిగింది, పికప్ పడిపోయింది. సంబంధం ఉందా?
– రవాణా సూపర్‌వైజరు, నాచారం

జవాబు: ఉండొచ్చు. ఫిల్టరు తర్వాతి గొట్టంలో గాలిని కొలిచే సెన్సారు ఉంటే, అందులో వేడెక్కే సన్నని పొర ఉంటుంది. నూనె ఎక్కువ పూస్తే తుంపర వెళ్లి దాని మీద అంటుకుని లెక్క తప్పిస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన ఈ బీఎస్-6 బండ్లలో పొగను శుభ్రం చేసే వ్యవస్థ ఇలాంటి సెన్సార్ల మీదే ఆధారపడుతుంది. సెన్సారును దానికని అమ్మే స్ప్రేతోనే శుభ్రం చేయించండి, గుడ్డ పెట్టి తుడవనివ్వకండి. కంపెనీ ఫిల్టరు తిరిగి వేయండి. వారంటీ ఉన్న బండి అయితే ముందు ఆ నూలు ఫిల్టరు తీసేసి, తర్వాతే షోరూముకు వెళ్లమని కొందరు సలహా ఇస్తారు. నేనివ్వను. జరిగింది చెప్పి వెళ్లండి.

ప్రశ్న: మా నాన్న పాత లారీకి ఫిల్టరు కొనడం నేనెప్పుడూ చూడలేదు. డీజిలుతో కడిగి, ఆయిల్ పోసి బిగించేవాడు. ఆ ఇంజిన్లు ఇప్పటివాటికంటే ఎక్కువే నడిచాయి కదా?
– మల్లాపూర్ డ్రైవరు

జవాబు: అది ఆయిల్ బాత్ ఫిల్టరు. గాలి అడుగున ఉన్న ఆయిల్‌ను తాకి పైకి తిరిగేది, దుమ్ము ఆయిల్‌లో పడిపోయేది. మొన్నమొన్నటి దాకా ట్రాక్టర్లకూ అదే. మీ నాన్నగారు చేసింది సరైనదే, ఆ ఫిల్టరుకు. కానీ ఆ రోజుల్లో ఇంజిన్లు ఎన్నిసార్లు విప్పేవారో కూడా గుర్తు చేసుకోండి. ఆ ఇంజిన్లలో చాలావాటికి టర్బో లేదు, వేగం తక్కువ, విడిభాగాల మధ్య ఖాళీలూ ఎక్కువ. ఇప్పటి ఇంజిన్ అంత దుమ్మును ఓర్చుకోదు.

ప్రశ్న: పంక్చర్ షాపులో గాలి కొట్టించి ఫిల్టరు మళ్లీ వేసుకుంటున్నాం. తప్పా?
– మినీ లారీ యజమాని, హబ్సిగూడ

జవాబు: టైరుకు కొట్టే గాలి కాగితానికి కొడితే కంటికి కనబడని చిరుగులు పడతాయి. తప్పనిసరైతే 30 పీఎస్ఐ మించకుండా, లోపలి వైపు నుంచి బయటికి, నాజిల్ దూరంగా పట్టుకుని కొట్టండి. టైరుకేసి బాదకండి. చీకట్లో లోపల లైటు పెట్టి చూడండి. ఎక్కడైనా చుక్కలా వెలుగు కనిపిస్తే పారేయండి. లోపల చిన్న సేఫ్టీ ఫిల్టరు ఉంటే దాన్ని ఎప్పుడూ దులపకండి, కడగకండి. పెద్ద ఫిల్టరు రెండు మూడు సార్లు మారాక దాన్నీ మార్చడమే.

ప్రశ్న: కడిగే ఫిల్టరు ఇప్పటికే కొన్నాను. ఇప్పుడేం చేయను?
– ఉప్పల్ పాఠకుడు

జవాబు: పెట్రోలు, డీజిలు, కంప్రెసర్ గాలి మూడూ దూరం పెట్టండి. దాని కంపెనీ క్లీనర్ పోసి, కుళాయి నీటితో లోపలి నుంచి బయటికి కడిగి, నీడన పూర్తిగా ఆరనివ్వండి. వానాకాలంలో దీనికి రోజున్నర పట్టొచ్చు, అంతసేపు బండి నిలబడాలి. నూనె పలచగా, అంతటా సమంగా పూయండి. వారం నడిపాక ఫిల్టరు తర్వాతి గొట్టం విప్పి, లోపల తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకు ఇసుక తగిలితే కాగితం ఫిల్టరు కొనుక్కోండి.