మడత సైకిల్‌పై కర్నూలు చూడొచ్చా?

ప్రశ్న: మడత సైకిల్ కొన్నాను. వేసవిలో కర్నూలు పాతబస్తీ చూడాలని ఉంది. చిన్న చక్రాలు అక్కడి రోడ్లకు, ఎండకు ఆగుతాయా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: ఆగుతాయి, సైకిల్‌కు నడక తోడైతే. చిన్న చక్రం గుంతలో ఎక్కువగా దిగబడుతుంది, అందుకే కుదుపు. అయితే కొండారెడ్డి బురుజు, హంద్రీ ఒడ్డున ఉన్న అబ్దుల్ వహాబ్ సమాధి దగ్గర దగ్గరే ఉన్నాయి. పెద్ద రోడ్డు మీద తొక్కండి, ఇరుకు సందుల్లో దిగి నడిపించుకు వెళ్లండి. ‘ఆటో చాలదా?’ అనవచ్చు. ఆటో గుమ్మం ముందు దింపుతుంది కానీ, నచ్చినచోట ఆగే వీలు అంతగా ఇవ్వదు. పైగా ఎండ ముదిరితే ఈ సైకిల్‌ను మడిచి ఆ ఆటోలోనే వేసుకుని రావచ్చు. మన సీమ వేసవికి ఇదే అసలు సౌలభ్యం.

తెల్లవారుజామునే బయల్దేరి తొమ్మిదిలోపు ముగించండి. రెండు లీటర్ల నీళ్లు, తలకు తువ్వాలు, పల్లేరు ముళ్లకు విరుగుడుగా అదనపు ట్యూబు, పంపు దగ్గరుంచుకోండి. మడత బిగింపు వదులైతే తొక్కకుండా మెకానిక్‌కు చూపించండి. తల తిరిగినా, వాంతి వచ్చినా నీడకు చేరి నీళ్లు తాగండి. తగ్గకపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి.