తొలిదినములలో హార్మోనుల పని

శరీరములోని కొన్ని గ్రంథులు రక్తములోనికి విడుచు రసములకు హార్మోనులని పేరు. ఇవి యౌవనమున మాత్రమే లైంగిక భేదమును కలిగించునని పలువురు తలంతురు. కాని పిల్ల కన్ను తెరువకముందే ఇవి మెదడును తీర్చిదిద్దునని ఎలుకలపై జరిగిన పరిశోధనలు తెలుపుచున్నవి.

ఎదిగిన ఆడ ఎలుక నాలుగైదు దినములకొకసారి అండములను విడుచును. ఇందులకు ప్రేరణ మెదడునుండి వచ్చును. మగ ఎలుక మెదడునకు ఆ శక్తి లేదు. ఈ భేదమెట్లు కలిగినది? 1961లో బారాక్లఫ్ అను శాస్త్రజ్ఞుడు ఐదు దినముల వయసు గల ఆడ ఎలుక పిల్లలకు పురుష హార్మోనైన టెస్టోస్టెరోన్‌ను 1.25 మిల్లీగ్రాముల మోతాదున ఒక్కసారి సూదిద్వారా ఎక్కించెను. పెరిగిన పిదప అవి గొడ్డుపోయినవి. ఆ మందునే ఇరువదవ దినమున ఇచ్చినప్పుడు అట్టి హాని కలుగలేదు. సారెపైనున్న పచ్చి మట్టిని వేలు తాకినను గురుతు నిలుచును. కాలిన కుండపై నిలువదు. మెదడు సంగతియు నిట్టిదే.

1959లో అమెరికాలోని కాన్సాస్‌లో చూలుతోనున్న గినీ పందులకు ఈ హార్మోను నిచ్చిరి. వాటికి పుట్టిన ఆడపిల్లలు పెద్దవై మగవాటివలె ప్రవర్తించినవి. తల్లికిచ్చిన మందు గర్భస్థ పిల్లకు చేరుననుటకు ఇది నిదర్శనము.

ఎలుకకు చెప్పినదెల్ల మనుష్యునకు అన్వయింపరాదు. మన నడవడికి కారణములనేకములు. అయినను గర్భస్రావము నాపుటకై పూర్వము కొందరు తల్లులకిచ్చిన కృత్రిమ హార్మోనుల వలన ఆడశిశువుల జననాంగములు మగపోలిక పొందినట్లు 1950 తరువాతి దశకమున వైద్యులు గమనించిరి.

సూరతు నగరమున మరమగ్గముల పనికై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములవారు, ఇతరులు కూడ ఈ విషయమును మనస్సునందుంచుకొనవలెను. “కొడుకు పుట్టు మందు” అని ఎవరేది ఇచ్చినను గర్భిణి పుచ్చుకొనరాదు. హర్యానాలో సేకరించిన ఇట్టి మందులు కొన్నింటిలో టెస్టోస్టెరోన్ ఉన్నట్లు పరీక్షలందు తేలినది. శిశువు ఆడయో మగయో తండ్రి బీజమును బట్టి గర్భము నిలిచిన క్షణముననే నిర్ణయమగును. ఏ మందును దానిని మార్చజాలదు. లింగనిర్ధారణ పరీక్షలను 1994 నాటి చట్టము నిషేధించినది.

గర్భిణులు గమనింపవలసినవి:

1. వైద్యుని సలహా లేక హార్మోను మాత్రలు, సూదిమందులు, పేరు తెలియని చూర్ణములు వాడరాదు.

2. వైద్యుడు వ్రాసిన మందును తమంతట తాము మానరాదు.

3. తెలియక ఏదైన పుచ్చుకొనినచో దాచక, ఆ పొట్లముతో ఆసుపత్రికి పోవలెను. సూరతులో న్యూ సివిల్ ఆసుపత్రి, నగరపాలక సంస్థవారి స్మీమేర్ ఆసుపత్రి కలవు.

కూతురైనను కొడుకైనను, ఆరోగ్యవంతమైన బిడ్డయే ఇంటికి భాగ్యము.