ధర పెరిగినా నష్టం రావచ్చు: వర్తకులకు ఒత్తిడి పరీక్ష

(వాణిజ్య విలేకరి)

ఎక్కడ కరువు వచ్చినా, యుద్ధం వచ్చినా ధరలు పెరుగుతాయి, ధరలు పెరిగితే నిల్వ ఉన్నవాడికి లాభం అనే నమ్మకం వర్తకుల్లో బాగా పాతుకుపోయి ఉంది. చాలాసార్లు ఈ లెక్క నిజమే. అయితే అనేక దేశాలను ఒకేసారి తాకే ఉపద్రవాల్లో ఇది తారుమారైన సందర్భాలున్నాయి. అందుకే బ్యాంకులు, బీమా సంస్థలు ‘స్ట్రెస్ టెస్ట్’ అనే పద్ధతిని పాటిస్తున్నాయి. తెలుగులో దీన్ని ఒత్తిడి పరీక్ష అనవచ్చు.

ఇది జోస్యం కాదు. విపత్తు వస్తుందా, రాదా అన్నది ఇందులో ప్రశ్న కాదు. వచ్చిందనే అనుకుని, ధర ఎంత కదులుతుంది, సరుకు ఎక్కడ ఆగుతుంది, చేతిలో రొక్కం ఎన్నాళ్లు సరిపోతుంది అని అంకెలు వేసుకోవడమే పరీక్ష.

లాయిడ్స్ వేసిన లెక్క

లండన్‌లోని లాయిడ్స్ బీమా మార్కెట్ 2015లో ఆహార ధాన్యాలపై ఇటువంటి పరీక్ష ఒకటి ప్రచురించింది. బలమైన ఎల్‌నినో వచ్చి భారతదేశంలో అనావృష్టి, అమెరికాలో మిసిసిపీ నదికి వరదలు, వీటికి తోడు గోధుమకు కుంకుమ తెగులు ఒకే ఏడు సంభవించినట్లు అందులో ఊహించారు. పంట నష్టం మొక్కజొన్నలో 10 శాతం, సోయాలో 11 శాతం, గోధుమ, వరిలో 7 శాతం చొప్పున వేశారు. ఈ మాత్రం లోటుకే గోధుమ, మొక్కజొన్న, సోయా ధరలు 2000 ప్రాంతపు స్థాయికి నాలుగింతలవుతాయనీ, బియ్యం ధర 500 శాతం పెరుగుతుందనీ తేలింది.

లోటు 7 శాతమైతే ధర ఇంతగా ఎందుకు ఎగరాలి? ప్రపంచంలో పండే బియ్యంలో దేశాల మధ్య అమ్ముడయ్యేది సుమారు పదో వంతు మాత్రమే. ఒకటి రెండు దేశాలు ఎగుమతులు ఆపగానే, కొనే దేశాలు భయపడి అవసరానికి మించి కొంటాయి. పంట కొరత కంటే ప్రభుత్వాల ఆంక్షలే ధరను ఎక్కువగా ఎగదోస్తాయి.

2008లో జరిగింది అదే. అప్పుడు ప్రపంచ వరి పంటకు పెద్ద దెబ్బ తగలలేదు. అయినా భారత్, వియత్నాం ఎగుమతులను కట్టడి చేయడంతో, జనవరిలో టన్ను 400 డాలర్లకు అటూఇటూగా ఉన్న థాయ్ బియ్యం మే నాటికి 1,000 డాలర్ల దరిదాపులకు చేరింది. ఏడాది చివరికి మళ్లీ దాదాపు సగానికి దిగింది. శిఖరం మీద కొన్నవాడి గతి ఏమైందో వేరే చెప్పనక్కరలేదు.

ఒకే సరుకు, రెండు ధరలు

2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో మన వాటా సుమారు 40 శాతం కనుక విదేశాల్లో ధరలు ఎగిశాయి. కానీ కాకినాడ రేవుకు బియ్యం తోలే వ్యాపారికి ఆ ధర అందే దారి లేదు. లోడింగ్ అప్పటికే మొదలైన ఓడల వంటి కొన్నింటికే మినహాయింపు దక్కింది. తెల్ల బియ్యం ఎగుమతికి మళ్లీ అనుమతి వచ్చింది 2024 సెప్టెంబరు 28న. పద్నాలుగు నెలలు! ప్రపంచంలో తేజీ ఉన్నా, ఎగుమతి కోసమే కొన్న సరుకుకు రేవులో మందీ రావచ్చు. కనుక పరీక్షలో పెరుగుదల, తగ్గుదల రెండూ వేసి చూడాలి.

తగ్గుదలకు సున్నా హద్దు అనుకోవడమూ పొరపాటే. కోవిడ్ కాలంలో, 2020 ఏప్రిల్ 20న న్యూయార్క్‌లో మే వాయిదా ముడిచమురు బారెల్ మైనస్ 37.63 డాలర్ల వద్ద ముగిసింది. మన ఎంసీఎక్స్ ఆ రోజుల్లో సాయంత్రం 5 గంటలకే మూసేది. ధర కూలింది ఆ తర్వాత. దాని ఆధారంగా ఇక్కడి ఏప్రిల్ కాంట్రాక్టును మైనస్ 2,884 రూపాయలకు పరిష్కరించారు. కొని ఉన్నవారికి రాత్రికి రాత్రి బయటపడే దారి లేకపోయింది.

కొట్టు లెక్క

ఇక సొంత లెక్కకు వద్దాం. ఒక వర్తకుడి వద్ద క్వింటాలు 3,000 రూపాయల చొప్పున 1,000 క్వింటాళ్ల నిల్వ ఉందనుకుందాం. విలువ 30 లక్షలు. బ్యాంకు 25 శాతం మార్జిన్ ఉంచుకుని 22.5 లక్షలు అప్పు ఇచ్చింది.

ధర 20 శాతం పడితే నిల్వ విలువ 24 లక్షలవుతుంది. దానిపై బ్యాంకు ఇచ్చేది 18 లక్షలే. అంటే 4.5 లక్షలు వెంటనే కట్టాలి. మిగిలిన అప్పుపై ఏటా 12 శాతం చొప్పున మూడు నెలల వడ్డీ 54,000. రావలసిన బాకీల్లో 4 లక్షలు అదే సమయంలో ఆగితే, వాటిని నమ్ముకుని ఒప్పుకున్న చెల్లింపులకు మరో 4 లక్షలు వెతకాలి. మొత్తం 9.04 లక్షలు. ఈ నిల్వలో అతడు పెట్టిన సొంత డబ్బు మాత్రం 7.5 లక్షలే!

ఇదే లెక్కను వెనుక నుంచీ చేయవచ్చు. చేతిలో రొక్కం 2 లక్షలే ఉంటే ఎంత పతనానికి ఆగగలడు? మిగతావన్నీ సవ్యంగా సాగినా, ధర సుమారు 9 శాతం పడేసరికి ఆ రొక్కం బ్యాంకుకే సరి. అంత పతనానికి ప్రపంచ విపత్తు కూడా అక్కరలేదు, ఒక మామూలు సీజనులోనే రావచ్చు.

కాబట్టి ప్రతి సీజను మొదట్లో, పెద్ద కొనుగోళ్లకు ముందు, మూడు లెక్కలు వేసుకోవడం మంచిది: ధర 20 శాతం పడితే, ఎగుమతి లేదా రవాణా మూడు నెలలు ఆగితే, బాకీల్లో సగం రాకపోతే. మూడూ ఒకేసారి వచ్చినట్లు నాలుగో లెక్క కూడా వేయాలి. పెద్ద విపత్తుల్లో ఇవి విడివిడిగా రావు. లెక్క తేలకపోతే కొనుగోలు తగ్గించుకోవాలి, లేదా రొక్కం పెంచుకోవాలి. సరుకు చేతికి వచ్చాక ఈ రెండింటిలో ఏదీ సులువు కాదు.