క్యాలెండరులో ఎర్ర అంకెలు



మన ఇళ్ళలో గోడకు వేలాడే క్యాలెండరులో ఆదివారాలు ఎర్ర అంకెలతో ఉంటాయి. ఈ వారం ఆ ఎర్ర అంకెల ముందు కాసేపు నిలబడి ఒక చిన్న లెక్క వేసుకుందాం.

ఏడాదికి 52 ఆదివారాలు. బిడ్డ పదవ తరగతికి వచ్చేసరికి పదిహేనేళ్ళు. అంటే 780 ఆదివారాలు. ఆ తరువాత ఇంటర్మీడియట్ కోసం హాస్టలు, ఆపైన ఇంజనీరింగు, ఉద్యోగం, పెళ్ళి. కొందరికి అమెరికా, ఆస్ట్రేలియా. పదేళ్ళ వయసులో బిడ్డ తెల్లని బట్టలు వేసుకుని మొదటిసారి దివ్యసత్ప్రసాదం లోకొనే రోజుకు 520 ఆదివారాలు గడిచిపోయి ఉంటాయి. ఇక మన చేతిలో మిగిలేవి 260.

ఈ లెక్క భయపెట్టడానికి కాదు. మన దినాలను లెక్కించుకోవడం నేర్పమని 90వ కీర్తన దేవుణ్ణి వేడుకుంటుంది. అలా లెక్కించుకున్నవారికే వివేకం అలవడుతుందని ఆ కీర్తన ఉద్దేశం.

మన అల్వాల్ సంగతే చూడండి. 1976లో లొయోలా అకాడమీ ఇక్కడ వెలిసింది. 2007లో అల్వాల్ మునిసిపాలిటీ గ్రేటర్ హైదరాబాదులో కలిసిపోయింది. ఊరు పెరిగింది, దానితోపాటు దూరాలూ పెరిగాయి. తెల్లవారకముందే తండ్రి మేడ్చల్ వైపో, శామీర్‌పేట వైపో, సికింద్రాబాదు వైపో బయలుదేరతాడు. అతడు తిరిగి వచ్చేసరికి పిల్లలు నిద్రపోతుంటారు. చాలా ఇళ్ళలో తల్లిదీ అదే పరిస్థితి. వారిని తప్పు పట్టడం న్యాయం కాదు. ఆ పరుగంతా పిల్లల ఫీజుల కోసమే. అయితే పిల్లల కోసం పరుగెత్తుతూ పిల్లలనే చూడలేకపోతున్నామా అని ఒకసారి ఆగి ఆలోచించుకోవాలి.

2016లో ఫ్రాన్సిస్ పోపుగారు కుటుంబ ప్రేమను గురించి ‘అమోరిస్ లెతీత్సియా’ అనే లేఖ వెలువరించారు. బిడ్డ ఇప్పుడు ఏ చోట ఉన్నాడు, ఎవరితో ఉన్నాడు అన్నది తెలిస్తే చాలదని అందులో 261వ పేరాలో హెచ్చరించారు. వాడి మనసు ఎక్కడ ఉంది, వాడి నమ్మకాలు, కోరికలు ఏ దారిన పోతున్నాయి అన్నదే అసలు ప్రశ్న అన్నారు. పక్కగదిలో ఫోను చూసుకుంటూ కూర్చున్న బిడ్డ ఎక్కడున్నాడో మనకు తెలుసు. వాడి మనసు ఎక్కడుందో తెలియాలంటే మాత్రం వాడి పక్కన కూర్చోవాలి. దానికి దగ్గరదారి లేదు.

పిల్లల సంగతి ఇలా ఉంటే, పెద్దల సంగతి ఏమిటి? ఇక్కడ నా సొంత తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉండేవారు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. పిల్లలు విదేశాల్లో ఉన్నారు. ఆదివారం పూజ అయ్యాక గుడి మెట్ల దగ్గర నా చేయి పట్టుకుని, “పిల్లగాణ్ణి తోలుకొని ఒకసారి ఇంటికి రారాదూ. నా దగ్గర పాత అట్ట టికెట్లున్నయి, చూపిస్త” అనేవారు. “వచ్చే ఆదివారం తప్పకుండా వస్తాం పెద్దయ్యా” అనేవాణ్ణి. ఒక ఆదివారం చుట్టాలు వచ్చారు. ఇంకొక ఆదివారం వాన. మరొక ఆదివారం ఊరికే బద్ధకం. ఆ ఇంటికి మేము వెళ్ళింది చివరికి ఆయన భౌతికకాయాన్ని చూడడానికే. సమాధుల తోట నుండి తిరిగి వస్తుంటే మావాడు అడిగాడు: “నాన్నా, తాత టికెట్లు చూపిస్తా అన్నాడు గదా?”

నా దగ్గర జవాబు లేదు. ఒక్క గంట వెచ్చించి ఉంటే ఒక వృద్ధునికి సంతోషం, నా బిడ్డకు ఒక జ్ఞాపకం దక్కేవి. రెండూ పోగొట్టాను.

ప్రియ పాఠకులారా, సోమవారం, శనివారం మనం జపమాలలో ధ్యానించే సంతోష దేవరహస్యాలలోనే ఈ పాఠమంతా ఉంది. రెండవ దేవరహస్యంలో మరియతల్లి కొండసీమకు వెళ్ళి, వయసు మళ్ళిన ఎలిజబెత్తమ్మను దర్శిస్తుంది. గుమ్మంలో నిలబడి పలకరించి తిరిగి రాలేదు. ఇంచుమించు మూడు నెలలు ఆమెతో ఉన్నదని లూకా సువార్త మొదటి అధ్యాయం చెబుతోంది. పెద్దవారి ఇంటికి మరియతల్లి ఒంటరిగా కూడా వెళ్ళలేదు. గర్భంలోని యేసుబాలునితో వెళ్ళింది. అందుకే ఆ ఇంట అంత ఆనందం.

అయిదవ దేవరహస్యంలో తప్పిపోయిన పన్నెండేళ్ళ బాలయేసు కోసం తల్లిదండ్రులు వెదకి, మూడు రోజుల తరువాత దేవాలయంలో కనుగొంటారు. ఆ పిమ్మట బాలుడు వారితో నజరేతుకు వచ్చి, వారికి విధేయుడై ఉన్నాడు. బహిరంగంగా బోధ మొదలుపెట్టేనాటికి ప్రభువుకు దాదాపు ముప్పై ఏళ్ళు. లోకరక్షకుడే అన్నేళ్ళు ఒక కుటుంబంలో గడిపాడంటే, ఇంట్లో గడిపిన కాలం వృథా అని ఎవరనగలరు?

పెద్దల మాటలను త్రోసిపుచ్చవద్దని సీరాపుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 8వ అధ్యాయం బోధిస్తుంది. ఎందుకంటే వారు ఆ మాటలను తమ పెద్దల వద్ద నేర్చుకున్నారు. అదే గ్రంథం 3వ అధ్యాయం, తండ్రికి ముసలితనంలో మతి తప్పినా ఓపిక పట్టమంటుంది. చెప్పిందే పదిసార్లు చెప్పే తాతను వినడం కూడా సేవే.

పునీత జోన్ జుగాన్ 1839లో ఫ్రాన్సు దేశంలో దిక్కులేని ఒక గుడ్డి వృద్ధురాలిని ఇంటికి తెచ్చుకుని తన మంచాన్ని ఆమెకిచ్చింది. ఆమె స్థాపించిన లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ సభ కన్యస్త్రీలు నేడు అనేక దేశాలలో వృద్ధులను ఆదరిస్తున్నారు. 2009లో శ్రీసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. మనల్ని ఎవరూ మంచం అడగడం లేదు. ఒక గంట అడుగుతున్నారు.

2021లో ఫ్రాన్సిస్ పోపుగారు తాతయ్యల, అమ్మమ్మల, వృద్ధుల ప్రపంచ దినాన్ని నెలకొల్పారు. యేసు అవ్వాతాతలైన పునీత జ్వాకీము, అన్నమ్మల పండుగ జూలై 26. దానికి దగ్గరగా ఉండాలని జూలై నాలుగవ ఆదివారాన్ని నిర్ణయించారు. ఆ ఒక్క రోజు దండలు వేసి, మిగతా 51 ఆదివారాలు మరచిపోతే ప్రయోజనం లేదు.

ఈ నెలలో మన కుటుంబాలు మూడు పనులు మొదలుపెట్టవచ్చు.

1. ఆదివారం పూజ తరువాత ఒక గంట పిల్లలకే కేటాయించండి. ఫోను పక్కన పెట్టండి. ఆదివారం కూడా షిఫ్టు ఉన్నవారు వారంలో మరొక గంటను ఎంచుకోండి. రోజు ఏదైనా ఫరవాలేదు, మాట తప్పకుండా ఉండడం ముఖ్యం.

2. నెలకొకసారి విచారణలో ఒంటరిగా ఉన్న ఒక పెద్దవారి ఇంటికి పిల్లలతో వెళ్ళండి. ఎవరింటికి వెళ్ళాలో ఫాదరుగారినో, ఉపదేశిగారినో అడిగితే చెబుతారు. “మీ చిన్నప్పుడు బొల్లారం ఎట్లా ఉండేది?” అని పిల్లలచేత అడిగించండి. ఆ తరువాత మీరు మాట్లాడనవసరం ఉండదు.

3. రాత్రి జపమాలలో కనీసం ఒక దేవరహస్యాన్ని పిల్లలచేత చెప్పించండి. ఇంట్లో అవ్వాతాతలుంటే వారి మంచం చుట్టూ కూర్చుని చెప్పండి.

ఈ వాక్యాలు చదివాక పత్రిక పక్కన పెట్టి, మీరు “వచ్చే ఆదివారం వస్తాం” అని మాట ఇచ్చిన వారెవరో గుర్తు చేసుకోండి. వారు ఇంకా మీకోసం ఎదురు చూస్తూ ఉంటే, ఈ ఆదివారమే పిల్లల చేయి పట్టుకుని బయలుదేరండి.

తిరుకుటుంబం మన కుటుంబాలను కాపాడునుగాక. ఆమెన్.