పగలు పడుకున్న మూడు గంటల్లోనే మెలకువ.. నిద్రమాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 24. ఓ ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని. నెలలో పది రోజులు నైట్ డ్యూటీ.. రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా. హ్యాండోవర్ ఇచ్చి హాస్టల్‌కి వచ్చి పడుకుంటే, ఎంత అలసిపోయినా మూడు గంటల్లోనే మెలకువ వచ్చేస్తోంది. తెల్లవారుజామున చార్టు రాస్తుంటే మాత్రం అక్షరాలు అలుక్కుపోతాయి. మొన్న స్కూటీ మీద సిగ్నల్ దగ్గర కునుకు పట్టేసింది. తోటి సిస్టర్ అల్ప్రాజోలం సగం మాత్ర వేసుకోమంటోంది. వేసుకోవచ్చా?
– ఓ సోదరి, ఖమ్మం

జవాబు: వద్దమ్మా. అల్ప్రాజోలం త్వరగా అలవాటైపోతుంది. డ్యూటీకి వెళ్లే వేళకూ దాని మత్తు వదలకపోవచ్చు. పైగా మీ ఇబ్బంది నిద్ర రాకపోవడం కాదు, వేళ కాని వేళ నిద్రపోవాల్సి రావడం.

మెదడులోని హైపోథాలమస్‌లో ఓ గడియారం ఉంటుంది. కంట్లో పడే వెలుగును బట్టి అది వేళ సరిచూసుకుంటుంది. చీకటి పడ్డాక నిద్రకు సాయపడే మెలటోనిన్ పెరుగుతుంది. తెల్లవారుజామున ఒంటి వేడి బాగా తగ్గి, చురుకుదనం అడుగంటుతుంది. మీ అక్షరాలు అలుక్కుపోయేది అప్పుడే. ఉదయం ముఖాన ఎండ పడగానే ఆ గడియారం ‘తెల్లారింది, లే’ అంటుంది. అలసట మిమ్మల్ని పడుకోబెడుతుంది. అది కాస్త తీరగానే గడియారం లేపేస్తుంది.

అందుకే హాస్టల్‌కి వచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి. తేలిగ్గా ఏదైనా తిని వెంటనే పడుకోండి. కిటికీకి మందపాటి దుప్పటి కట్టండి. మధ్యాహ్నం ‘తిన్నావా?’ అంటూ ఫోన్ చేసే అమ్మకు మీ నైట్ల తేదీలు ముందే చెప్పి, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. నిద్ర చాలకపోతే సాయంత్రం డ్యూటీకి ముందు గంటన్నర పడుకోండి. రెండు విడతలైనా మొత్తం ఏడు గంటలు దక్కేలా చూసుకోండి.

కెఫీన్‌లో సగం ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. కాబట్టి రాత్రి రెండు దాటాక టీ, కాఫీ వద్దు. ఇన్‌ఛార్జి అనుమతిస్తే బ్రేక్‌లో 20 నిమిషాలు కునుకు తీయండి. లేచిన వెంటనే కాసేపు మగతగా ఉంటుంది. అది వదిలేదాకా మందుల డోసు లెక్కలు పెట్టుకోకండి.

ఇక స్కూటీ సంగతి. వరుసగా 17 గంటలు మేల్కొని ఉంటే, 100 మి.లీ. రక్తంలో 50 మి.గ్రా. ఆల్కహాల్ ఉన్నవారంత మందకొడిగా ఉంటామని ప్రయోగాల్లో తేలింది. మన దేశంలో బండి నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 30 మి.గ్రా. మొదటి నైట్‌కి ముందు మధ్యాహ్నం పడుకోకపోతే, మర్నాడు హ్యాండోవర్ వేళకు మీరు 24 గంటలకు పైగా మేల్కొని ఉన్నట్టే. కాబట్టి ఆ మధ్యాహ్నం తప్పక నిద్రపోండి. నైట్ దిగిన ఉదయం ఆటోలోనో బస్సులోనో రండి.

రోస్టర్ వేసేటప్పుడు మార్నింగ్, ఈవినింగ్, ఆ తర్వాత నైట్ అనే వరుస అడగండి. నిద్ర వేళను ముందుకు తేవడం కన్నా ఆలస్యం చేయడం ఒంటికి సులువు. ఇవన్నీ పాటించినా మూడు నెలలు దాటి ఇబ్బంది ఉన్నా, నెలసరి తప్పుతున్నా, దిగులుగా ఉంటున్నా డాక్టర్‌ని కలవండి. అప్పుడు మాత్ర కావాలో వద్దో వాళ్లు చెబుతారు. వార్డు ట్రేలోంచి మీరే తీసుకోకండి.