హద్దు మీరిన అక్షరములు

వెలుపలి నుండి వచ్చు అక్షరములను తాత్కాలికముగా నిలువ చేయుటకు కంప్యూటరు స్మృతిలో కేటాయించిన చోటును బఫరు అందురు. అక్షరములు ఆ చోటు పట్టునంతకంటె ఎక్కువగా వచ్చి, ప్రోగ్రాము వాటిని కొలువక స్వీకరించినచో, మిగిలినవి పక్కచోటును ఆక్రమించును. ఇదియే బఫరు ఓవర్‌ఫ్లో. అరబ్బీలో పుట్టి, ఉర్దూలో మెలగి, తెలుగులో స్థిరపడిన ‘హద్దు’ అను మాట మన కళాశాలలో ఎవరికిని కొత్తది కాదు. మేము చెప్పబూనినది ఆ హద్దును గురించియే.

పొంగిన నీరు పొరుగు చేనును ముంచుట వంటిదే అయినచో ప్రోగ్రాము ఆగిపోవుటతో సరిపోవును. కాని ఆ పక్కచోటున ఏమున్నదో గమనింపవలెను. ఒక ఫంక్షను తన పని ముగించి ఎచ్చటికి మరలిపోవలెనో ఆ చిరునామా, స్టాక్ అను భాగములో, బఫరుకు చేరువనే వ్రాయబడి యుండును. దానిని చెరిపి వేరొక చిరునామా వ్రాయగలిగినవాడు యంత్రమును తాను పంపిన అక్షరముల యొద్దకే నడిపింపగలడు. ఊరక చదువబడవలసిన అక్షరములు అప్పుడు ఆజ్ఞలగును.

1972లోనే అమెరికా వైమానిక దళమునకు సమర్పించిన ఒక నివేదికలో ఈ ప్రమాదము సూచింపబడినది. పదునారేండ్ల తరువాత, 1988 నవంబరు 2న, కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్టు మోరిస్ ఇంటర్నెట్టులో వదలిన ప్రోగ్రాము దానిని లోకమునకు చూపినది. అది ప్రవేశించిన మార్గములలో నొకటి యూనిక్స్ యంత్రములలోని ‘ఫింగర్’ సేవ. ఆ సేవ 512 బైట్ల బఫరు ఉంచుకొని, ‘గెట్స్’ అను ఫంక్షనుతో వచ్చినదంతయు చదివెడిది. చోటెంత కలదో ‘గెట్స్’కు తెలుపు మార్గమే లేదు! మోరిస్ ప్రోగ్రాము పంపినది 536 బైట్లు. అదనము 24 మాత్రమే. వాక్స్ యంత్రములు దీనికి లొంగినవి. సన్ యంత్రములపై ఈ ఉపాయము పారలేదు. అన్ని మార్గముల వలనను సుమారు 6,000 యంత్రములు చిక్కినవని నాటి అంచనా.

1990లో మోరిస్‌కు మూడేండ్ల ప్రొబేషను, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా విధింపబడినవి. ‘గెట్స్’ మాత్రము సి భాషా ప్రమాణములో 2011 వరకు నిలిచియే యున్నది. మా దృష్టిలో వింత ఇదియే.

నేటి కంపైలర్లు చిరునామాకు ముందు ఒక రహస్యసంఖ్యను కావలి యుంచి, మరలునపుడు అది చెరిగినదేమో చూచును. అయినను అది హద్దు దాటిన పిమ్మట పట్టుకొనుటయే. పాత పాఠ్యపుస్తకములలో ‘గెట్స్’ ఎదురైనపుడు విద్యార్థులు దానిని కొట్టివేసి, పరిమాణము నడుగు ‘ఎఫ్‌గెట్స్’ వ్రాయవలెను. 512 ఉన్నచోట 1024 అని వ్రాసినచో అదియును కాపాడజాలదు.