ప్రోటీను నిర్మాణములో అమైనో ఆమ్లముల పరస్పర స్పర్శలు

జీవరసాయన శాస్త్రమును తొలిసారి చదువు విద్యార్థికి ప్రోటీను ఒక దండవలె పరిచయమగును. ఇరువది రకముల అమైనో ఆమ్లములు పెప్టైడు బంధములతో వరుసగా కూర్చబడి పొడవైన శృంఖలముగా ఏర్పడునని పాఠ్యగ్రంథము చెప్పును. బంధము ఏర్పడునపుడు నీటి అణువు తొలగిపోగా మిగిలిన అమైనో ఆమ్ల భాగమునకు అవశేషమని పేరు. ఈ వర్ణన సత్యమే గాని అసంపూర్ణము. ప్రోటీనులలో అత్యధిక భాగము తమలో తాము ముడుచుకొని, నిర్దిష్టమైన ఆకృతి దాల్చిన పిమ్మటనే పనికి వచ్చును. అట్లు ముడుచుకొన్నపుడు ఏ అవశేషము దేనిని తాకుచున్నది, ఆ స్పర్శను ఎట్లు కొలువవలెను అనునవే ఈ వ్యాసమున మేము పరిశీలింపదలచిన విషయములు.

పాఠకుల చేతిలోని ఈ సంచికనే చూడుడు. తెలుగు విభాగము ఒక అట్ట వైపునుండియు, ఉర్దూ విభాగము రెండవ అట్ట వైపునుండియు మొదలగును. పుటల వరుసలో ఆ రెండు అట్టలకు నడుమ సంచిక అంతయు ఉన్నది. కాని సంచికను గొట్టమువలె చుట్టి పట్టుకొన్నచో ఆ రెండు అట్టలే ఒకదానినొకటి తాకును. ప్రోటీనులోను ఇంతే. హీమోగ్లోబిన్ బీటా శృంఖలములో 63వ స్థానమునను, 92వ స్థానమునను హిస్టిడీన్ అవశేషములున్నవి. వరుసలో వాని నడుమ దూరము 29 స్థానములు. అయినను ముడుచుకొన్న ప్రోటీనులో అవి హీమ్‌కు ఇరువైపుల ఎదురెదురుగా నిలిచియున్నవి. 92వది ఇనుమునకు బంధితమైయుండును. 63వది ఆమ్లజని వచ్చి చేరు పక్కన కావలి యుండును. వరుసను మాత్రమే చదివిన వానికి ఈ పొరుగు తెలియదు.

స్పర్శ అనగానేమి? పరమాణువులు గోడలు గల వస్తువులు కావు గనుక తాకుటకు ఒక కొలత నిర్ణయించుకొనక తప్పదు. సులభమైన పద్ధతి ప్రతి అవశేషమునకు ఆల్ఫా కార్బన్ పరమాణువును ప్రతినిధిగా తీసికొని, రెండు ప్రతినిధుల నడుమ దూరము 8 ఆంగ్‌స్ట్రాములకు మించనిచో స్పర్శయని లెక్కించుట. ఇంకను నిశితమైన పద్ధతిలో హైడ్రోజన్ తప్ప తక్కిన పరమాణువులన్నింటిని చూచి, రెండు అవశేషములలోని ఏ జంటయైనను 4.5 ఆంగ్‌స్ట్రాముల లోపున ఉన్నచో స్పర్శయందురు. మొదటిది తొందరగా తేలును. కాని పార్శ్వ శృంఖలములు ఒకదానికొకటి వెన్ను చూపి నిలిచినను దానికి స్పర్శగానే కనిపించును. ఆకృతిని స్థూలముగా చూచుటకు మొదటిది చాలును. ఒక వ్యాధికి కారణము వెదకువారికి రెండవదియే తగినదని మా అభిప్రాయము.

దగ్గరితనమునకు ఒక అడుగుహద్దు కూడ కలదు. ఈ హద్దును గూర్చిన ప్రసిద్ధమైన పని మన దేశముననే జరిగినది. 1963లో మద్రాసు విశ్వవిద్యాలయములో జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్‌లు బంధములేని పరమాణువులు ఎంత దగ్గరకు రావచ్చునో పట్టిక వేసిరి. కార్బన్–కార్బన్ జంటకు సామాన్యముగా 3.2, మిక్కిలి సడలించినను 3.0 ఆంగ్‌స్ట్రాములు వారు పెట్టిన హద్దు. ఆ హద్దును దాటు భంగిమలను తొలగింపగా పెప్టైడు శృంఖలమునకు మిగిలిన స్వేచ్ఛ బహు స్వల్పమని తేలినది. నేడు ప్రపంచమంతట కొత్త ప్రోటీను నిర్మాణములను సరిచూచుటకు వాడు రామచంద్రన్ పటము పుట్టినది ఈ నిషేధముల నుండియే.

ఇక లెక్క. ఎక్స్‌–కిరణముల ద్వారా నిర్ణయించిన నిర్మాణములను భద్రపరచుటకు 1971లో ప్రోటీన్ డేటా బ్యాంక్ ఏడు నిర్మాణములతో ఆరంభమైనది. నేడు అందులో రెండు లక్షలకు మించి ఉన్నవి, ఎవరైనను ఉచితముగా తీసికొనవచ్చును. ప్రతి ఫైలులోను ఒక్కొక్క పరమాణువునకు మూడు నిరూపకములుండును. రెండు బిందువుల నడుమ దూరమునకు ఉన్నత పాఠశాలలో నేర్చిన సూత్రమే ఇచటను చాలును. బీటా శృంఖలములోని 146 అవశేషములనుండి 10,585 జంటలు ఏర్పడును. కంప్యూటరుకు అది క్షణకాలపు పని. ఫలితమును గళ్ల కాగితము మీద గుర్తించినచో, అనగా అడ్డుగా ఒక అవశేషపు సంఖ్య, నిలువుగా రెండవదాని సంఖ్య వేసి, స్పర్శయున్న గడిలో చుక్క పెట్టినచో, స్పర్శపటము సిద్ధమగును. ఆల్ఫా సర్పిలములో ప్రతి అవశేషము తన తరువాతి నాల్గవదానితో హైడ్రోజన్ బంధము కలుపుకొనును గనుక అది కర్ణరేఖను అంటియున్న మందమైన పట్టీగా కనిపించును. ఎదురుబొదురు దిశలలో నడచు బీటా పోగులు కర్ణరేఖకు లంబముగా గీతలు గీయును. కర్ణమునకు దూరముగా ఒంటరిగా పడిన చుక్కలే మిక్కిలి విలువైనవి. శృంఖలములో దూరమైన భాగములు ఎచట కలిసినవో చెప్పునవి అవియే.

పక్కపక్క అవశేషముల ఆల్ఫా కార్బన్‌లు సాధారణముగా 3.8 ఆంగ్‌స్ట్రాముల దూరముననే యుండును గనుక వానిని లెక్కలో చేర్చుట వృథా. ఫైలులో ఇచ్చిన అణువులతోనే ఆగరాదు. స్ఫటిక సౌష్ఠవము ప్రకారము పక్కన నిలుచు అణువులను కూడ నిర్మించి చూడవలెను. అయితే అట్లు దొరకిన స్పర్శ స్ఫటికములో ఇరుకున పడుటచే కలిగినదో, జీవకణములోను ఉన్నదో విడిగా నిరూపింపవలసియుండును. దూరము కొలిచినంత మాత్రమున ఆకర్షణ బలము తెలియదు.

ఈ కొలతలకు ప్రాణముపోసిన ఉదాహరణము కొడవలి కణ రక్తహీనత. 1949లో లైనస్ పౌలింగ్ బృందము ఇది హీమోగ్లోబిన్ అణువులోని దోషమని చూపినది. 1957 నాటికి వెర్నన్ ఇన్‌గ్రామ్ ఆ దోషమును ఒక్క అవశేషమునకు కుదించెను: బీటా శృంఖలములో 6వ స్థానమున గ్లుటామిక్ ఆమ్లమునకు మారుగా వాలీన్. మొదటిది ఋణావేశము గలది, నీటిని కోరునది. రెండవది నీటికి విముఖము. కాని 6వ స్థానము అణువు పైభాగమున ఉన్నది. అచట మార్పు వచ్చినంతనే ఎర్ర రక్తకణము కొడవలివలె వంగుటకు కారణమేమి?

సమాధానము పక్క అణువులో ఉన్నది. 1975లో వెలువడిన స్ఫటిక నిర్మాణము, పిదప 2.05 ఆంగ్‌స్ట్రాముల స్పష్టతతో వచ్చిన 2హెచ్‌బీఎస్ అను నిర్మాణము దీనిని కన్నులకు కట్టించినవి. ఆమ్లజనిని విడిచిన స్థితిలో ఒక అణువు యొక్క 6వ వాలీన్ పొరుగు అణువు బీటా శృంఖలములోని 85వ ఫినైల్ అలనీన్, 88వ ల్యూసిన్‌ల నడుమనున్న గుంటలో ఇమిడిపోవును. ఆ గుంట ఆరోగ్యవంతుల హీమోగ్లోబిన్‌లోను ఉన్నది. దానిలో దూరుటకు వాలీన్ మాత్రము లేదు. ఒక స్పర్శ మరియొకదానికి దారితీయగా అణువులు జంట పోగులై, పదునాలుగు పోగుల నారలై, కణమును లోపలినుండి పొడిచి వంచును. వంగిన కణములు సన్నని రక్తనాళములలో చిక్కుకొనుటయే రోగి అనుభవించు భరింపరాని నొప్పికి మూలము. ప్రతి అణువులో ఇట్టి వాలీన్‌లు రెండున్నను జంట పోగులో ఒక్కటే ఈ గుంటను చేరును.

గుంటకు ఆనుకొనియున్న 87వ స్థానమును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. పెద్దల బీటా శృంఖలములో అచట థ్రియోనీన్, గర్భస్థ శిశువు గామా శృంఖలములో గ్లుటమీన్ ఉన్నవి. గ్లుటమీన్ పొడవైనది గనుక పొరుగు అణువుతో కలయికకు అడ్డుపడును. శిశు హీమోగ్లోబిన్ నిలిచియున్న తొలి నెలలలో బిడ్డకు వ్యాధి కనిపింపకుండుటకు ఇది ఒక ముఖ్య కారణము. హైడ్రాక్సీయూరియా అను మందు ఉపకరించుట కూడ ఆ శిశు హీమోగ్లోబిన్‌ను పెంచుట వలననే. 2023 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన ఒక జన్యు చికిత్సలో రోగి మూలకణములలో ప్రవేశపెట్టు బీటా జన్యువును 87వ స్థానమున థ్రియోనీన్‌కు మారుగా గ్లుటమీన్ వచ్చునట్లు మార్చియే వాడుదురు. దాని ప్రకటిత ధర 31 లక్షల డాలర్లు. స్పర్శపటములోని ఒక చుక్కను చెరుపుటకు ఇంత మూల్యమా అని నిట్టూర్చక తప్పదు. 2023 జూలైలో మన దేశమున ప్రారంభమైన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమము పరిధిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లు రెండును ఉన్నవి. మన ఏజెన్సీ గ్రామములలోని రోగికి నేడు అందదగినవి రక్తపరీక్ష, వివాహమునకు ముందు సలహా, హైడ్రాక్సీయూరియా.

అభ్యాసము చేయగోరు విద్యార్థులు 2హెచ్‌బీఎస్ ఫైలును తెచ్చుకొని, 6వ వాలీన్‌కు 4.5 ఆంగ్‌స్ట్రాముల లోపున పొరుగు అణువులోని ఏ ఏ అవశేషములున్నవో పట్టిక వేయవచ్చును. జన్యువునుండి లెక్కించు గ్రంథములు మొదటి మిథియోనీన్‌ను కలిపి ఈ స్థానమునే ఏడవదిగా వ్రాయుట కలదు. ఫైలులో మాత్రము ఆరవదనియే చూడవలెను.